పదుగురి యెదుట శస్త్రచికిత్స

వైద్యకళాశాలకు చేరిన ఆసుపత్రిలో “మా విద్యార్థులును చూతురు” అని డాక్టరు చెప్పగా వినుట మనలో పలువురకు అనుభవమే. ఇప్పుడు చూచువారు ఆ గదిలోని నలుగురు మాత్రమే కారు. ఆపరేషను జరుగుచుండగనే, దూరమున సభలో కూర్చున్న వైద్యులకు దానిని తెరపై చూపుట కలదు. ఆ బల్లపై పరుండునది రేపు మనమో మన బిడ్డలో కావచ్చును గనుక ఈ విషయమును మనము తెలిసికొనవలెను.

కంటితో చూడక ఈ విద్య అలవడదు. 1977లో జూరిక్ నగరమున ఆంద్రియాస్ గ్రుంట్సిగ్ అను వైద్యుడు గుండె రక్తనాళములోని యిరుకును చిన్న బుడగతో విప్పు చికిత్సను మొదట చేసెను. మరుసటి యేటినుండి, తాను చేయుచుండగా ఇతర వైద్యులకు చూపి నేర్పెను. ఆ చికిత్స నేడు లోకమంతట నున్నది.

కాని యిట్టి విద్యకు మూల్యము చెల్లించినవారును కలరు. 1845లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున మేరియన్ సిమ్స్ అను వైద్యుడు, కాన్పు కష్టమువలన మూత్రాశయమునకు రంధ్రము పడిన లూసీ యను బానిస యువతికి ఇంచుమించు పండ్రెండుగురు వైద్యుల యెదుట ఆపరేషను చేసెను. మత్తుమందు లేదు. పిమ్మట ఆమె జ్వరముతో మృత్యుముఖమున బడి బ్రదికెను. అట్టి ప్రయత్నములచే కుదిరిన పద్ధతివలన తరువాత ఎందరో తల్లులు బాగుపడిరి. అయినను వలదనుటకు లూసీకి హక్కు లేకుండెను. న్యూయార్కు ఉద్యానమున నున్న సిమ్స్ విగ్రహమును 2018లో తొలగించిరి.

సభికులకు బదులు చెప్పుచు కత్తి పట్టిన వైద్యుని మనస్సు రెండు వైపుల లాగబడును. పరాయి ఆసుపత్రిలో, ఎరుగని సహాయకులతో పని చేయవలసివచ్చిన అపాయము మరింత హెచ్చు. అందుచేతనే ఐరోపాలోని మూత్రకోశ వైద్యుల సంఘము 2014లో ప్రకటించిన నియమములలో, రోగి క్షేమమును కనిపెట్టుటకే ఒకరు ప్రత్యేకముగా నుండవలెనని విధించెను. మన దేశమున 2023లో ఈ విషయము సుప్రీంకోర్టు ముందుకు వచ్చెను.

అదే న్యాయస్థానము 2008లో చెప్పిన తీర్పొకటి స్త్రీలెల్లరు గుర్తుంచుకొనదగినది. పరీక్షకు మాత్రమే సమ్మతించిన యొక స్త్రీ మత్తులో నుండగా, ఆమె తల్లి యనుమతిపై గర్భాశయమును తీసివేసిరి. ప్రాణాపాయము లేనిచో ఒక పనికిచ్చిన సమ్మతి వేరొక పనికి చెల్లదనియు, స్వయముగా నిర్ణయింపగల స్త్రీకి మారుగా తల్లి సమ్మతి చాలదనియు తీర్పు. ఈ న్యాయమునే బట్టి చూడగా, చికిత్సకు చేసిన సంతకము ప్రదర్శనకు చేసిన సంతకము కానేరదు.

కావున సంతకమునకు ముందు నెమ్మదిగా ఈ ప్రశ్నల నడుగుడు: ఆపరేషను చేయువారెవరు? చూచువారెవరు? ముఖము, పేరు కనబడునా? తీసిన చిత్రము ఎవరియొద్ద నుండును? ప్రదర్శనకొరకు ఆపరేషను దినము మార్చుచున్నారా? రోగి క్షేమమునే చూచుకొనువారెవరు? ముందుగా తీసిన చిత్రముతో పాఠము చెప్పరాదా? వలదన్నచో చికిత్సలో భేదముండునా?

రేపటి వైద్యులు నేర్చుకొనుటకు మన దేహమును చూడనిచ్చుట గొప్ప దానమే. అడిగినపుడు మనసారా ఒప్పుకొనుడు. మనసొప్పనిచో సంకోచింపక వలదనుడు. ఇంటివారు మీకు బదులుగా సంతకము చేయబోయినచో, కాగితమును మీ చేతికి తీసికొని చదువుడు.