డోంబివలీలో మంచినీళ్లిచ్చే దిక్కున్నదా?

సోలాపురము నుండి మన సభ్యులొకరు మాకు జాబు వ్రాసినారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయుట లేదు. వారి కుమార్తెకు డోంబివలీ సంబంధము వచ్చినది. పిల్లవాడు ఉద్యోగస్థుడు, ఇల్లు వాకిలి ఉన్నవి, కట్నము మాట ఎత్తలేదు, పిల్లకు కూడ నచ్చినాడు. అయినను తండ్రిని ఒక సందేహము పట్టి పీడించుచున్నది. "అక్కడ పక్కింటివాని పేరు పక్కింటివానికి తెలియదట. మా పిల్ల పదిమందిలో పెరిగినది. అందరును పనికి పోయినాక, తలుపు వేసుకొన్న ఆ గదిలో దానికి జ్వరము వస్తే మంచినీళ్లిచ్చే దిక్కున్నదా? మీరు ఆ ప్రాంతములో చాలకాలముగా ఉన్నారు. దాచక చెప్పండి" అని వారి ప్రశ్న.

ఆ జాబుకు విడిగా జవాబు వ్రాసి పంపియుండవచ్చును. కాని ఇదే ప్రశ్న వేరు వేరు మాటలలో మాకు ఏటేటా వచ్చుచున్నది. కొడుకును ఉద్యోగమునకు పంపువారు అడుగుదురు. ఊరిలో ఇల్లు అమ్మి ఇక్కడ ఫ్లాటు కొనదలచినవారు అడుగుదురు. ఇన్నాళ్లు మేము "అంతా బాగున్నది, భయపడకండి" అని చెప్పి ఊరుకొన్నాము. అది మర్యాదే గాని సమాధానము కాదు.

ముందుగా ఒకటి ఒప్పుకొనవలెను. మన పేటలలో పెరిగినవారి కంటికి డోంబివలీ మనుషులు మోటుగానే కనపడుదురు. ముప్పది యేండ్ల క్రిందట మేము సామానుతో ఇక్కడ దిగిన రోజున మెట్లమీద ముగ్గురు ఎదురైనారు. ఒక్కరును "ఎక్కడినుండి వచ్చినారు?" అని అడుగలేదు. ఒకాయన మాత్రము "పక్కకు జరగండి" అన్నాడు. మన వీధిలోనైతే బండి ఆగకముందే వచ్చినవారి ఊరు, ఇంటిపేరు, ఎన్ని మగ్గములు, ఎంత అప్పు అన్నియు తెలిసిపోవును. ఇక్కడ ఆరు నెలల వరకు మా తలుపు తట్టినవాడు పాలవాడొక్కడే. అంతకుముందు బొంబాయి వర్లీలోని బి.డి.డి. చాళ్లలో మా పెద్దలు ఉండిరి. (ముంబయి అనవలెను, 1995 నుండి అదే పేరు. మా నోరు ఇంకను తిరుగుట లేదు.) ఆ గదులు 160 చదరపు అడుగులు. వరండా ఒక్కటే, కుళాయి ఒక్కటే, దొడ్లు పొత్తులోనివి. అక్కడ ఎవరి ఇంట కూర మాడినను అంతస్తు అంతటికి తెలిసేది. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో రెండున్నర లక్షల కార్మికుల బ్రతుకులు తలక్రిందులైనవి. ఆ తరువాత చాళ్లు విడిచి, చేతికందిన సొమ్ముతో కల్యాణ్, డోంబివలీ, భివండి వైపు తరలివచ్చిన మన కుటుంబములు ఎన్నో. వరండా పోయినది, కుళాయి ఎవరి వంటింటిలోనికి వారికి వచ్చినది. దానితో మాటలును తగ్గినవి.

ఇందులో ఆశ్చర్యమేమియు లేదు. నేతవారమైన మనకు ఇది ఇతరులకన్న సులువుగా బోధపడవలెను. వెనుక మన వీధులలో పడుగు చాచి గంజి పెట్టి కుంచె తీయవలెనన్న ఒక్కరి వల్ల అయ్యే పనియా? ఎండ ముదరకముందే నలుగురైదుగురు కావలెను. ఈనాడు వాని పడుగుకు నేను పోకున్న రేపు నా పడుగుకు వాడు రాడు. వదినెలు మరదండ్రు ఒకచోట కూర్చుండి కండెలు చుట్టుదురు. ఆ పనిలోనే పలకరింపులు, పెండ్లిమాటలు, తగాదాలు, రాజీలు. సైజింగు ఫ్యాక్టరీ వచ్చి పడుగు బీములు చుట్టి ఇచ్చుట మొదలైన తరువాత ఆ వీధిలోనే ఎన్ని కుటుంబములు ఎడమొగము పెడమొగము అయినవో సోలాపురము వారికి మేము చెప్పవలెనా? మనుషులు చెడిపోలేదు. ఒకరితో ఒకరికి పని తగ్గినది. కావున ఒక ఊరిలో స్నేహమున్నదా లేదా అని తెలియవలెనన్న, అక్కడివారికి ఒకరితో ఒకరికి పని ఎక్కడ పడుచున్నదో అక్కడికి పోయి చూడవలెను.

డోంబివలీలో ఆ చోటు రైలు. ఇక్కడినుండి బొంబాయి పెద్ద స్టేషను దాదాపు 48 కిలోమీటర్లు. ఫాస్టు లోకలు ఎక్కినను గంటకు పైగా పట్టును. ఉదయము ఏడింటికి పోయి రాత్రి తొమ్మిదింటికి, పోవునప్పుడు నిలబడి, వచ్చునప్పుడును నిలబడి వచ్చినవాడు మెట్లమీద మీ కుశలమడుగుటకు ఓపిక ఎక్కడినుండి తెచ్చును?

ఒకమారు మా బంధువులు, పెద్దవారు, మాతో లోకలులో వచ్చినారు. ఎట్లో వారికి కిటికీ పక్కన చోటు దొరికినది. ఎదుట నిలబడిన ఒక యువకుడు "కుఠే ఉతరణార్, కాకా?" అని అడిగినాడు. మా పెద్దాయన సంతోషమునకు మేర లేదు. బొంబాయిలో మంచిమనిషి కనపడినాడని, తాము సోలాపురము వారమని, తాతగారు నల్లగొండ జిల్లానుండి మగ్గము పనికి వచ్చినారని, ఇప్పుడు మనుమరాలి నామకరణమునకు పోవుచున్నారని, వచ్చిన మరాఠీలో అంతయు చెప్పినారు. ఆ యువకుడు ఓపికగా విని, "అదంతా సరే కాకా, దిగేది ఎక్కడ?" అన్నాడు. మీరు దిగిన తరువాత ఆ చోటు అతనిది కావలెను. అంతే సంగతి. పెద్దాయన ముఖము చిన్నబుచ్చుకొన్నారు. ఇంటికి వచ్చినదాక ఆ మాటే.

కాని ఆయన చూడనిది మేము చూచినాము. ఆ బల్ల ముగ్గురికి చేసినది. నాలుగవవాడు వచ్చి "జరా సర్కో" అనగా ఆ ముగ్గురును జరిగినారు. వానికి ఆనినది సగము తొడ మాత్రమే. అయినను గంటసేపు నిలబడి కాళ్లు పీకినవానికి అది సింహాసనము. ఆ నాలుగవ చోటు రైల్వేవారు ఇచ్చినది కాదు. ప్రయాణికులు ఒకరికొకరు ఇచ్చుకొన్నది. నీ కులమేది, భాషయేది, తినేదేమిటి అని అడిగి జరిగినవానిని మేమింతవరకు చూడలేదు. ఒకే బండి, ఒకే డబ్బా, ఒకే తలుపు దగ్గర ఏండ్ల తరబడి కలిసి పోవువారున్నారు. దసరాకు డబ్బాకు తోరణములు కట్టి పూజ చేయుదురు, ఇంటినుండి తెచ్చినది పంచుకొందురు, మూడు రోజులు కనపడనివానికి ఫోను చేయుదురు. వీరే కొత్తవాడు తమ తలుపు దగ్గరకు వచ్చినచో ఎక్కనీయక నెట్టుటయు కలదు. దానిని మేము మెచ్చుకొనుట లేదు. రెండును ఉన్నవని చెప్పుచున్నాము.

ఇక ఇంటి సంగతి. మేము వచ్చిన ఏడవ నెలలో ఒక ఉదయము తలుపు చప్పుడైనది. ఎదురింటి కొంకణి ఆమె. అంతవరకు తల ఊపుటయే గాని మాట లేదు. తాళపుచెవి, దానితో మడిచిన నోట్లు మా ఇంటి ఆమె చేతిలో పెట్టి, "గ్యాసుబండ వస్తుంది, తీసుకొని లోపల పెట్టించండి, సాయంత్రము వస్తాను" అని, జవాబు వినకనే బండికి పరుగెత్తినది. మా ఆమె ఆ తాళపుచెవి చేత పట్టుకొని చాలసేపు నిలబడిపోయినది. పరిచయము లేని మనిషి తన బీరువా, తన దేవుని పటము, తన అన్నము కుండ ఉన్న ఇల్లంతయు మన చేతిలో పెట్టి పోయినది! సోలాపురములో మా పొరుగువారితో గంటలకొద్ది అరుగుమీద కూర్చుండి మాటలాడినవారము. కాని తాళపుచెవి ఎన్నడును ఇచ్చుకొనలేదు. ఇచ్చుకొనవలసిన అవసరము రాలేదనుట న్యాయము. మూడు సంవత్సరముల తరువాత మా ఆమెకు అర్ధరాత్రి కడుపునొప్పి వచ్చినపుడు, మేము ఊరిలో లేము, ఆ కొంకణి ఆమెయే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకొనిపోయి తెల్లవారువరకు బల్లమీద కూర్చున్నది. మరునాడు పనికి పోయినది. ఆ తరువాత కూడ మెట్లమీద తల ఊపుటయే. ఈనాటివరకు ఆమె మా ఇంట కూర్చుండి చాయ త్రాగినది పది సార్లకు మించదు.

2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వాన కురిసి బండ్లు నిలిచిపోయినపుడు, మోకాటి లోతు నీళ్లలో నడిచి వచ్చువారికి దారి పొడవున ముక్కు మొగము తెలియనివారు చాయ, బిస్కెట్లు ఇచ్చినారు. ఆడపిల్లలను ఇండ్లలో పండుకొననిచ్చినారు. 2006 జులై 11 సాయంత్రము పశ్చిమ లైనులో ఏడు చోట్ల బాంబులు ప్రేలినపుడు, పట్టాల పక్క గుడిసెలవారు తమ దుప్పట్లు తెచ్చి వానిలో గాయపడినవారిని మోసినారు. దుప్పటి నేయువారము గనుక ఆ ఒక్క సంగతి మా మనసునుండి పోదు. ఆ గుడిసెలలో రెండవ దుప్పటి ఎందరికి ఉండునో మనకు తెలియనిది కాదు.

అయితే ఈ స్నేహము అందరికి దొరకుచున్నదా? దొరకుట లేదు. డోంబివలీకి ఎంతో దూరము లేని భివండికి పోయి చూడండి. పవర్‌లూము కార్ఖానాలో పన్నెండు గంటల పని చేసి ఆ షెడ్డులోనే, లేదా వంతులవారీగా పంచుకొన్న గదిలో పండుకొను కుర్రవానికి ఎదురిల్లు లేదు. తాళము లేదు గనుక తాళపుచెవి ఇచ్చువారును లేరు. భిస్సీలో భోజనము ఖాతామీద పెట్టు ముసలామె ఒక్కతె అతని పేరు ఎరుగును. అదే భివండి 1970లో, మరల 1984లో మత కలహములతో మండినది. 1988లో అక్కడి పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పేటపేటకు మొహల్లా కమిటీలు పెట్టి, ఎన్నడును ఒకచోట కూర్చొననివారిని నెలనెలా కూర్చుండబెట్టినారు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో బొంబాయి మండుచుండగా భివండి చల్లగా ఉన్నది. మనుషులు ఆ నాలుగేండ్లలో మారిపోయినారా? కూర్చుండుటకు ఒక చోటు, ఒక పని దొరికినది.

ఇక మాకు నిజముగా కష్టము తోచు విషయమునకు వచ్చెదము. ఈ ప్రాంతములో స్నేహము చెడగొట్టునది తీరిక లేకపోవుట కాదు. గది అద్దెకు అడుగబోగానే పేరేమిటి, భాష ఏమిటి, మాంసము తిందురా అని అడిగి, లేదనిపించు సొసైటీలు బొంబాయిలో ఉన్నవి. మన పిల్లలు ఆ మాట పడి వచ్చినారు. మనము మండిపడినాము. మంచిదే. కాని మనలో రెండు గదులున్నవారు చేయుచున్నదేమి? "మనోళ్లకే ఇస్తాం" అనుట లేదా? మొన్నటి సర్వసభ్య సమావేశములో, సంఘపు హాలు తెలుగువారికి తప్ప ఇతరులకు అద్దెకు ఈయరాదని ఒక తీర్మానము వచ్చినది. చప్పట్లు కొట్టినవారు తక్కువ లేరు. నిరుడు మన వృద్ధ సభ్యులొకరు ఒక బుధవారము మధ్యాహ్నము కాలము చేసినారు. మనవారందరు పనులలో, బండ్లలో ఉండిరి. పాడె ఎత్తిన నలుగురిలో ఇద్దరు ఆ మెట్లమీదివారే, ఒకరు కొంకణి, ఒకరు గుజరాతీ. వారిలో ఒకరు ఈ సంవత్సరము మనుమని నామకరణమునకు హాలు అడిగినచో, లేదని చెప్పుటకు ఎవరు పోవుదురు? మేము పోము. ఆ తీర్మానము వచ్చే సమావేశమునకు వాయిదా పడినది. మేము దానికి వ్యతిరేకముగా చేయి ఎత్తెదము.

సోలాపురము పెద్దలకు మా జవాబు ఇది. పిల్లను ఇవ్వవచ్చును. అక్కడ ఎవరును దానిని వచ్చీ రాగానే ఒడిలో పెట్టుకొనరు. మొదటి ఆరు నెలలు దానికి ఏడుపు వచ్చును. ఫోను చేసినప్పుడెల్ల "వచ్చెయ్యి తల్లీ" అనకండి. ఇంట మాటలాడునది తెలుగే అయినను, నాలుగు మరాఠీ మాటలు సిగ్గుపడక మెట్లమీద వాడుమనండి. సంక్రాంతి హల్దీ కుంకుమకు ఎవరు పిలిచినను మానవద్దని చెప్పండి. తిలగుల్ పెట్టి పిలిచినవారు పని బడినప్పుడు తలుపు తీయుదురు. పెండ్లికి ముందు ఒకసారి వచ్చి ఆ ఇల్లు చూచుకొనండి. పెండ్లివారిని ఆస్తి లెక్కలు అడిగితిరో లేదో గాని, ఇల్లు తాళము వేసి పోవునప్పుడు తాళపుచెవి ఎవరింట ఇత్తురో అడగండి. వెంటనే ఒక పేరు చెప్పిరా, ఆ ఇంటికి పోయి ఒక గ్లాసు నీళ్లు త్రాగి రండి.

ఈ ముక్కలు అచ్చుకు పంపకముందే వారినుండి మరియొక జాబు వచ్చినది. దంపతులిద్దరు సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చెదరట, కల్యాణ్‌లో దిగి లోకలు పట్టుకొని వచ్చెదమన్నారు. సంచులతో ఆ సాహసము వద్దని, మేమే కల్యాణ్ స్టేషనుకు వచ్చెదమని వ్రాసినాము.