ఎత్తు సరే, ఆట మాటేమిటి?

ఈసారి ఉగాది కలయికలో ఇద్దరు తల్లులు ఒకే ఆట గురించి రెండు రకాల బెంగలు చెప్పుకున్నారు. ఒకావిడ కూతురికి పన్నెండేళ్ళు. బడిలో బాస్కెట్‌బాల్ ప్రాణం పెట్టి ఆడుతుంది. “పొట్టి పిల్లండీ, మా ఇంటావంటా పొడుగు లేదు. రోజూ రెండు గంటలు దండగ ఎందుకని మాన్పించేద్దామనుకుంటున్నాం” అన్నారు. రెండో ఆవిడ కూతురు పదమూడేళ్ళకే తల్లిని మించిపోయింది. “కోచ్ గారు వదలనంటున్నారు. మా అత్తగారేమో ఇంకా ఆడితే ఇంకా పెరుగుతుంది, రేపు సంబంధాలు ఎక్కడ వెదుకుతావు అంటున్నారు” అని ఈవిడ గోల. ఒకరికి పొట్టి అని బెంగ, ఒకరికి పొడుగు అని బెంగ. రెండిళ్ళలోనూ ఆట మానుకోవలసింది మాత్రం పిల్లే!

పోటీల్లో ఆడాలనుకునే ఆడపిల్లకు ఎత్తు ఎంత అవసరం? ముందు కాస్త చేదుగా ఉన్న నిజమే చెప్పుకుందాం. అవసరమే. ఈ ఆటలో రింగు నేలకు పది అడుగుల ఎత్తున ఉంటుంది. మగవాళ్ళకూ అంతే, ఆడవాళ్ళకూ అంతే. అయిదడుగుల రెండంగుళాల అమ్మాయి చెయ్యెత్తి నిలబడితే వేళ్ళు సుమారు ఆరడుగుల ఎనిమిది అంగుళాల దాకా అందుతాయి. ఆరడుగుల రెండంగుళాల అమ్మాయికి ఎనిమిది అడుగుల దాకా అందుతాయి. రింగుకు తగిలి వెనక్కి వచ్చే బంతి ఎవరి చేతికి చిక్కుతుందో వేరే చెప్పాలా?

మన దేశంలో కేరళ అమ్మాయి గీతు అన్నా జోస్ సంగతే చూడండి. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేస్తూ దేశానికి ఆడింది. ఆస్ట్రేలియాలో క్లబ్బు జట్టుకు ఆడింది. 2011లో అమెరికా మహిళల వృత్తి లీగు జట్లు ఆమెను ఎంపిక పరీక్షలకు పిలిచాయి. ఆమె దీక్షకు ఆ ఎత్తు తోడు కాకపోతే అంత దూరం వెళ్ళడం కష్టమయ్యేదే.

అయితే జట్టులో అయిదుగురు ఉంటారు. అయిదుగురూ రింగు కిందే నిలబడితే బంతిని అక్కడికి తెచ్చేదెవరు? కోర్టు పొడవు 28 మీటర్లు. బంతి చేతికొచ్చాక ఎనిమిది సెకన్లలో సగం గీత దాటించాలి, ఇరవై నాలుగు సెకన్లలో గురిపెట్టి వెయ్యాలి. ప్రత్యర్థులు మీదపడుతుంటే బంతిని నేలకు కొడుతూ, తల పైకెత్తి చూస్తూ, ఎవరు ఖాళీగా ఉన్నారో కనిపెట్టి అందించే మనిషిని పాయింట్ గార్డు అంటారు. ఈ పనికి వేగం, చేతివాటం, బుర్ర ముఖ్యం. బంతి ఎంత తక్కువ ఎత్తులో ఎగిరితే లాక్కోవడం అంత కష్టం గనుక, పొట్టిదనం ఇక్కడ కొంత అక్కరకొస్తుంది కూడా.

అమెరికాలో మగ్సీ బోగ్స్ అనే ఆటగాడి ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఏడడుగుల వాళ్ళ మధ్య 1987 నుంచి 2001 దాకా అక్కడి అత్యున్నత లీగులో ఆడాడు. సరిగ్గా అంతే ఎత్తున్న టెమెకా జాన్సన్ 2005లో మహిళల లీగులో ఉత్తమ కొత్త క్రీడాకారిణిగా ఎంపికైంది. అదే ఎత్తున్న డెబీ బ్లాక్ 2001లో ఆ లీగు మొత్తానికి ఉత్తమ రక్షణ క్రీడాకారిణి అనిపించుకుంది. రక్షణ అంటే పొడుగువాళ్ళ సొత్తే అనుకునే వాళ్ళకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది. వీళ్ళు అరుదైన మనుషులు, కాదనను. కానీ మన పిల్ల ముందున్న మెట్టు బడి జట్టు, ఆ పైన జిల్లా జట్టు. అక్కడ అయిదడుగుల గార్డుకు చోటు లేకపోవడం ఉండదు. రాష్ట్రం, దేశం దాకా వెళ్ళే కొద్దీ ఎంపిక చేసేవాళ్ళు ఎత్తును ఎక్కువగా చూస్తారు. అప్పుడు పొట్టి పిల్ల తక్కిన వాళ్ళకంటే రెండింతలు నేర్పరి అయి ఉండాలి. ఈ సంగతి పిల్లకు దాచకుండా చెప్పడం మన ధర్మం.

ఇక పన్నెండేళ్ళ పిల్ల ఎంత పెరుగుతుందో ఇప్పుడే తేల్చగలమా? డాక్టర్లు వాడే ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. తండ్రి ఎత్తులోంచి 13 సెంటీమీటర్లు తీసేసి, దానికి తల్లి ఎత్తు కలిపి, సగం చెయ్యాలి. తండ్రి 170, తల్లి 157 అయితే కూతురికి వచ్చేది 157, అంటే దాదాపు అయిదడుగుల రెండంగుళాలు. అయితే ఇందులో అటూ ఇటూ ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దాకా తేడా ఉండవచ్చునని వాళ్ళే అంటారు. అంటే ఆ పిల్ల నాలుగడుగుల పదిన్నర అంగుళాల దగ్గర ఆగినా, అయిదడుగుల అయిదంగుళాలు చేరినా వింత లేదు. ఇంత ఎడం ఉన్న లెక్కను నమ్ముకుని ఏ నిర్ణయం తీసుకుంటాం చెప్పండి?

ఇంకో చిక్కు ఉంది. ఆడపిల్లలు సాధారణంగా పది, పదమూడేళ్ళ మధ్య గబగబా పెరుగుతారు. పెద్దమనిషి అయ్యాక మరో అయిదారు సెంటీమీటర్లు పెరిగి నెమ్మదిగా ఆగిపోతారు. ముందు ఎదిగిన పిల్ల పదకొండేళ్ళకు తరగతిలో అందరికంటే పొడుగు. పదహారేళ్ళకు ఆమే మధ్యరకం కావచ్చు. ఆలస్యంగా ఎదిగిన పిల్ల ఆమెను దాటిపోవచ్చు. పదకొండేళ్ళ పొడుగు పిల్లను రింగు కింద నిలబెట్టి, డ్రిబ్లింగ్ నేర్పకుండా నాలుగేళ్ళు గడిపేస్తే, ఎత్తు ఆగిన రోజున ఆ పిల్ల చేతిలో ఏ విద్యా ఉండదు. అందుచేత పొట్టి పిల్ల అయినా, పొడుగు పిల్ల అయినా మొదట గార్డు విద్యలే నేర్చుకోవాలి. రెండు చేతులతో డ్రిబ్లింగ్, పాసులు, అడుగులు, దూరం నుంచి గురి. కోచ్ గారిని తల్లిదండ్రులు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: మా అమ్మాయికి ఇవన్నీ నేర్పుతున్నారా?

ఆడితే పొడుగవుతారన్నది అపోహ. పొడుగువాళ్ళు ఈ ఆటలో ఎక్కువగా ఎంపికవుతారు కాబట్టి అలా కనిపిస్తుంది. కడ్డీ పట్టుకు వేలాడినా, డబ్బాల్లో అమ్మే పొడులు తాగించినా వంశంలో లేని ఎత్తు రాదు. చేయవలసిందల్లా ఉన్న పెరుగుదలకు లోటు రానివ్వకపోవడం. రాగులు, పప్పు, గుడ్డు, ఆకుకూరలు, కడుపునిండా భోజనం, కంటినిండా నిద్ర. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ; తొందరగా ఆయాసపడుతుంటే బద్ధకం అని కసురుకోక రక్తపరీక్ష చేయించండి. గెంతి దిగే ఆటల్లో మోకాలి దెబ్బలు అబ్బాయిలకంటే అమ్మాయిలకు ఎక్కువగా తగులుతాయి. ఒళ్ళు వేడెక్కకుండా ఆటలోకి దింపకూడదు. మోకాళ్ళు వంచి మెత్తగా దిగడం అలవాటు చెయ్యాలి.

మన పిల్లలకు దగ్గరి ఆదర్శాలూ ఉన్నాయి. చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై పందొమ్మిదేళ్ళకే భారత జట్టుకు కెప్టెన్ అయింది. 2017లో బెంగుళూరులో జరిగిన ఆసియా కప్పు రెండో శ్రేణి పోటీల ఫైనల్లో మన అమ్మాయిలు కజకిస్తాన్‌ను 75-73 తేడాతో ఓడించినప్పుడు ఆమె ఆ జట్టులో ఉంది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆమె జీవితంలో ఎత్తుకంటే కొట్టొచ్చినట్టు కనిపించేది పద్దెనిమిదేళ్ళ పాటు విడవకుండా ఆడడం.

నా మటుకు నాకు తోచే పద్ధతి ఇది. పదహారేళ్ళు నిండేదాకా కొలతబద్దను పక్కన పెట్టండి. చదువుకు వేళ, ఆటకు వేళ కాగితం మీద రాసుకుని రెండూ నిలబెట్టండి. పదహారేళ్ళకు ఎత్తు దాదాపు తేలిపోతుంది, నేర్పు ఎంతో తెలుస్తుంది, ఇష్టం నిలిచిందో లేదో కూడా తెలుస్తుంది. అప్పుడు అమ్మాయినీ కోచ్‌నీ కూర్చోబెట్టుకుని, కాలేజీ జట్టా, రాష్ట్ర స్థాయి ప్రయత్నమా, సరదాకు సాయంత్రం ఆటా అన్నది తేల్చుకోవచ్చు. పెళ్ళి సంబంధాల లెక్క మాత్రం ఆ బల్ల మీదికి తేకండి. దానికి వేళ రానప్పుడు తెస్తే, పిల్ల వంగి నడవడం నేర్చుకుంటుంది.