ఇంటి ముచ్చటలు: అశ్రద్ధయా, అవధానలోపమా?



ఊరగాయ జాడీలు బూజుపట్టకుండ కాపాడు విధమును గూర్చి ఈ నెల వ్రాసెదనని మాట యిచ్చియుంటిని. ఆ మాట తప్పుచున్నాను, మన్నింపుడు. మా యింట జరిగిన విషయమొకటి కొన్ని నెలలుగా నా మనస్సును పట్టి విడువకున్నది. ఇట్టిది మీ యిండ్లలోను ఉండవచ్చును గావున దీనిని ముందు చెప్పుచున్నాను. మా యాడుబిడ్డ యనుమతి గైకొనియే వ్రాయుచున్నాను. "రాయి వదినా, నా పేరు మాత్రం వద్దు" అన్నది.

ఆమెకు 34 ఏండ్లు. కోనసీమలో అమలాపురమునకు దగ్గరనున్న పల్లెలో కాపురము. బి.ఏ. చదివినది, తెలివికి కొదువలేదు. కాని చేపట్టిన పని కడముట్టుట అరుదు. పాలు పొయ్యిమీద బెట్టి పెరటిలోనికి పోవును. అచట కొబ్బరిమట్ట పడియుండిన దాని నీడ్చివేయబోయి, ఈనెలు తీయుటకు కూర్చుండును. పాలు మాడిన వాసన వీధివారికి ముందును, ఆమెకు తరువాతను తెలియును. ఎదుటివారి మాట ముగియకమునుపే తానందుకొనును. అయినను సంక్రాంతినాడు ముగ్గు పెట్టుటకు వంగెనా, నాలుగు గంటలు తలయెత్తదు. ప్రక్కన పిడుగు పడినను వినదు. "మనసుంటే చేస్తుంది, లేకపోతే లేదు" అని అత్తవారును, పుట్టినింటివారమైన మేమును ఏకగ్రీవముగ తీర్పు చెప్పియుంటిమి. ఆమెకు రెండిండ్లలోను పేరొకటియే: అశ్రద్ధ.

క్రిందటి సంవత్సరము సార్వా పెట్టుబడికై గాజులును, కాసులపేరును ఒక బ్యాంకులో తాకట్టుబెట్టిరి. అప్పు ఆమె పేరిట నున్నది. గడువునకు వడ్డి కట్టి తిరుగ వ్రాయించుకొనవలసిన భారమును ఆమెదే. నోటీసు వచ్చినది. చదివినది, రేపు పోయెదననుకొన్నది, కుట్టుమిషను సొరుగులో బెట్టినది. రెండవ నోటీసును ఆ సొరుగునకే చేరినది. నగలు వేలమునకు పోయినవి. ఆ కాసులపేరు మా యత్తగారికి వారి తల్లిగారు పెట్టినది.

మగడు మూడు నెలలు ఆమెతో మాటలాడలేదు. ఆమెయో, ఒక రాత్రి నాకు ఫోను చేసి, "నాకు బుద్ధి లేదు వదినా, నేనుండి ఎవరికి ఉపయోగం" అని యేడ్చినది. ఆ మాటకు నాకు వణుకు పుట్టినది. ఇట్టి మాట మీ చెవిని బడినయెడల వట్టి నిష్ఠూరమని త్రోసివేయకుడు. 14416 అను నంబరునకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడి యోదార్చి దారి చూపువారు కలరు. 'టెలి మానస్' అను ఈ యేర్పాటును కేంద్రప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిరి, రుసుము లేదు.

ఇంతలో ఆమె కుమారుడు బడిలో నిలుకడగా కూర్చుండుటలేదని ఉపాధ్యాయులు చెప్పగా, కాకినాడలో నొక మనోవైద్యురాలికి చూపించిరి. పిల్లవానికున్నది ఏ.డి.హెచ్.డి. అని ఆ డాక్టరమ్మగారు నిర్ణయించి, తల్లివైపు తిరిగి, "చిన్నప్పుడు మీరెలా ఉండేవారు?" అనిరి. ఆమె నవ్వి, "వీడే నయమండీ" అన్నది. డాక్టరమ్మగారు నవ్వలేదు. ఈ లక్షణము వంశమున వచ్చుట మిక్కిలి హెచ్చు. జనులలో దీని హెచ్చుతగ్గులకు నూటికి 70 నుండి 80 పాళ్లు వంశమే కారణమని కవలపిల్లల పరిశోధనలు చెప్పుచున్నవి. కావున, "మీరు కూడా పరీక్ష చేయించుకోండి" అనిరి.

అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్ అనునది దాని పూర్తి పేరు. అవధానలోపము, అతిచాంచల్యము అని మనము చెప్పుకొనవచ్చును. అవధానమను మాట మన గోదావరి సీమలో తెలియనివారెవరు? తిరుపతి వేంకటకవులలో నొకరు యెండగండిలోను, ఒకరు కడియములోను పుట్టిరి. ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది వైపుల లాగుచుండగా, నిషిద్ధాక్షరిని దాటుకొనుచు, సమస్య పూరించుచు, గంటలు లెక్కించుచు, అప్రస్తుతప్రసంగికి బదులు చెప్పుచు, తుదకన్నియు ధారణ చేసి యప్పగింపవలెను. ఆలోచించిన మన వంటయిల్లును అట్టిదియే. కుక్కరు కూతలు ఘంటాగణనము. పిల్లవాని లెక్క సమస్యాపూరణము. పొరుగింటి పిన్నిగారి రాక అప్రస్తుతప్రసంగము. వేదికమీద నెగ్గినవారికి శాలువ కప్పుదురు. వంటయింట నెగ్గినవారి నెవరును చూడరు. తప్పినవారికి మాత్రము చీవాట్లు.

ఇది క్రొత్తగా పుట్టిన రోగము కాదు. 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అను స్కాట్లండు వైద్యుడు నిలుకడలేని అవధానమును గూర్చి వ్రాసెను. 1902లో జార్జి స్టిల్ అను వైద్యుడు లండనులో ఇట్టి పిల్లలను గూర్చి ఉపన్యసించెను. పిమ్మట చాలకాలము ఇది పిల్లలకే యుండుననియు, మీసములు మొలచునాటికి దానంతట నదియే పోవుననియు తలచిరి. మీసములనుటలోనే చిక్కున్నది. వారు చూచినది ఎక్కువగా మగపిల్లలను. బల్లలమీద గంతులు వేయువానిని గూర్చి ఫిర్యాదు వచ్చును. కిటికీ వంక చూచుచు కూర్చున్న ఆడుపిల్లను గూర్చి ఫిర్యాదు చేయువారెవరు? అట్టి పిల్ల పెద్దదై, కాపురమునకు వచ్చి, బిడ్డలను కని, ఆ బిడ్డలను వైద్యునికి చూపించునాడు గాని తన సంగతి తెలిసికొనదు. పెక్కుమందికి ఈ లక్షణము పెద్దతనమునను నిలుచుననియు, పరుగులు తగ్గి లోపలి తొందరగా మారుననియు ఇప్పుడు స్పష్టమైనది.

ఇక పరీక్ష యెట్లుండును? రక్తము తీసి తేల్చుటకు లేదు. తలకు ఫోటో తీసి తేల్చుటకును లేదు. మొదట 18 ప్రశ్నల కాగితమొకటి యిత్తురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పక్షమున సిద్ధమైనది. మొదటి 6 ప్రశ్నలే ముఖ్యము: పని తుదిమెరుగులు దిద్దుటలో చిక్కుపడుదురా, మాట యిచ్చిన పనులను మరతురా, ఆలోచింపవలసిన పనిని వాయిదా వేయుదురా, ఇట్టివి. ఆరింటిలో నాలుగు గట్టిగా తగిలినచో మరింత విచారింపవలెనని యర్థము, అంతే. ఆ కాగితము జల్లెడ వంటిది. జల్లించినంతమాత్రమున రొట్టె కాలదు. చేతిఫోనులో అర నిమిషపు బొమ్మ చూచి "నాకును ఇదియే" అని తేల్చుకొనువారీ కాలమున నెక్కువైనారు. మా వీధిలోనే ముగ్గురున్నారు. వారి బాధ లేదనను. కాని దాని పేరు ఇదియే యని బొమ్మ చెప్పజాలదు.

వైద్యులు ప్రమాణముగ గొను అమెరికా మనోవైద్య సంఘమువారి గ్రంథము అయిదవ కూర్పు 2013లో వెలువడినది. దాని ప్రకారము అవధానలోపమునకు 9 లక్షణములు, చాంచల్యమునకు 9 లక్షణములు. 17 ఏండ్లు నిండినవారికి ఏదేని యొక వర్గములో 5 అయినను ఉండవలెను. ఆరు మాసములకు తక్కువగాక నిలిచియుండవలెను. ఇంటిలో మాత్రమే గాక మరియొక తావునను కనబడవలెను. బ్రతుకునకు హాని చేయుచుండవలెను. అన్నింటికంటె కష్టమైన నిబంధన ఇది: 12 ఏండ్లు రాకమునుపే వానిలో కొన్ని కనబడియుండవలెను. ముప్పదియేండ్లు దాటి హఠాత్తుగా వచ్చిన మతిమరుపు వేరొక కారణమున వచ్చినదై యుండును.

ఆ వేరు కారణములు మన స్త్రీలలో కొల్లలు. రక్తహీనతనే చూడుడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి అది యున్నట్లు తేలినది. థైరాయిడు మందగించినను, నిద్ర చాలకున్నను, దిగులు పట్టినను, ముట్లుడుగు కాలమునను మనస్సు నిలువదు. డాక్టరమ్మగారు మొదట రక్తపరీక్షలే వ్రాసిరి. మా యాడుబిడ్డకు రక్తము తక్కువగనే యున్నది. మూడు నెలలు ఇనుపమాత్రలు మ్రింగినది. నీరసము తగ్గినది; మెట్లెక్కిన ఆయాసము పోయినది. కుట్టుమిషను సొరుగు మాత్రము మునుపటివలెనే నిండుచున్నది. "సరే, ఇప్పుడు చిన్ననాటి సంగతి చూద్దాం. మిమ్మల్ని చిన్నప్పుడు చూసినవారినెవరినైనా తీసుకురండి" అనిరి.

చూచినవారు మా యత్తగారు. మాట యెత్తగనే వారికి కోపము వచ్చినది. "నా కూతురికి పిచ్చి అని కాగితం రాయించుకొస్తారా? అల్లుడి చేతికి అది ఇస్తారా?" అనిరి. వారి భయము వట్టిది కాదు. మన యిండ్లలో అట్టి కాగితముతో ఏమేమి జరుగునో నేనెరుగుదును. రోగి యనుమతి లేక వైద్యులు ఎవరికిని చెప్పరాదని 2017 మానసిక ఆరోగ్య చట్టములో నున్నదని మా వారు చెప్పినను ఆమె వినలేదు. "అది చిన్నప్పుడు బంగారంలా ఉండేది" అని ముగించిరి.

తల్లుల జ్ఞాపకము చిత్రమైనది. న్యూజీలండులోని డ్యునెడిన్ పట్టణమున 1972-73లో పుట్టిన వేయిమందికి పైబడిన పిల్లలను వైద్యశాస్త్రజ్ఞులు పుట్టుకనుండియు గమనించుచు వచ్చిరి. 2015లో ప్రకటించిన వ్యాసములో, బిడ్డకు చిన్ననాట ఈ లక్షణములున్నట్లు ఆనాడే వ్రాసియున్నను, తరువాత అడుగగా తల్లిదండ్రులలో పెక్కుమంది మరచిరని కలదు. 38వ యేట లక్షణములు కనబడినవారిలో నూటికి 90 మందికి చిన్ననాట ఈ నిర్ణయము లేకుండుటయు తేలినది. అందుచేత జ్ఞాపకముతో బాటు కాగితమును కావలెను.

మా వారు అటక యెక్కి పాత రేకుపెట్టె దించిరి. చెల్లెలి ప్రోగ్రెస్ కార్డులు మూడవ తరగతి నుండి ఏడవ తరగతి వరకు దొరికినవి. అయిదుగురు ఉపాధ్యాయుల చేవ్రాత. "తెలివి కలదు, శ్రద్ధ లేదు." "పరధ్యానము మెండు." "పుస్తకములు తెచ్చుట మరచును." "ప్రయత్నించిన వృద్ధిలోనికి రాగలదు." మా వారు వానిని చేత బట్టుకొని చాలసేపు నేలమీదనే కూర్చుండిరి. భోజనమునకు పిలువగా, "ఈ మాట నేనెన్ని కార్డులమీద రాశానో" అనిరి. ఉపాధ్యాయులు పదునారేండ్లుగా వారు.

ఆ రాత్రి అత్తగారు దేవునికి వత్తులు చేసికొనుచుండగా నేను దగ్గర కూర్చుంటిని. నేనేమియు అడుగలేదు. తామే యందుకొనిరి. ఎక్కములు వల్లెవేయక లేచిపోవుచున్నదని, ఎనిమిదేండ్ల పిల్లను పాత చీరతో వసారా స్తంభమునకు కట్టివేసిరట. "ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదే. స్తంభం మీద చీమల బారు చూస్తూ కూర్చుంది. నేను విప్పడం మరిచిపోయాను, పొద్దుగూకే దాకా." కొంతసేపటికి, "ఈసారి నేనూ వస్తాను కాకినాడ" అనిరి.

మేమిద్దరము రాజమహేంద్రవరము నుండి పోతిమి. ఆడుబిడ్డ మగనితో గూడ యెదుర్లంక వంతెన దాటి యానాము మీదుగ రావలెను. గంట ఆలస్యముగ వచ్చినది. రక్తపరీక్షల కాగితములు ఇంట మరచినది. మా యన్నయ్య, అనగా ఆమె మగడు, ముఖము ముడుచుకొనియుండెను. డాక్టరమ్మగారు గంటన్నరసేపు అడిగిరి: బడి సంగతి, పరీక్షల సంగతి, కాపురము సంగతి, నిద్ర, దిగులు. అత్తగారు చీర సంగతియు చీమల సంగతియు దాచక చెప్పిరి. కార్డులు బల్లమీద బరచితిమి. చివరకు అవధానలోపము ప్రధానముగా గల వర్గమని నిర్ణయము చెప్పి, గుండెవేగమును, రక్తపుపోటును చూచి మందు వ్రాసిరి. మిథైల్‌ఫెనిడేట్ అను ఆ మందు మాదకద్రవ్యముల చట్టము క్రిందికి వచ్చునది. వైద్యుని చీటి లేక కొనుటకు వీలులేదు, ఒకరి మాత్ర మరియొకరికి ఇయ్యరాదు.

అప్పుడు అన్నయ్య అడిగెను: "అయితే నగలు పోవడంలో తప్పు దీనిది కాదంటారా?" డాక్టరమ్మగారు, "తప్పు ఎవరిదో చెప్పడం నా పని కాదండీ. ఇకనుంచి గడువులు ఎవరు చూడాలో మీరిద్దరూ అనుకోండి" అనిరి. తిరిగి వచ్చునపుడు బస్టాండులో అతడు ఆమెకు కొబ్బరినీళ్లు కొని తెచ్చుట నేను చూచితిని.

మీలో నెవరైనను ఇట్టి పరీక్షకు పోదలచిన, పాత కార్డులను, బడి నోటుపుస్తకములను, చిన్ననాట నెరిగిన పెద్దవారి నొకరిని వెంట దీసికొనిపొండు. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలోను, విశాఖపట్టణపు ప్రభుత్వ మానసిక చికిత్సాలయములోను మనోవైద్యులు కలరు. పెద్దవారు లేనిచో అక్కయో, చిన్ననాటి స్నేహితురాలో చాలును.

మందు మొదలుపెట్టి రెండు నెలలైనది. కొంత గుణము కనబడుచున్నది. మధ్యాహ్నము ఆకలి మందగించినదట. వంటయింటి గోడకు పలక వ్రేలాడదీసి చేయవలసిన పనులు దానిపై వ్రాసికొనుచున్నది. పలక చూచుట మరచిన దినములును ఉన్నవి. గడువుల తేదీలు మాత్రము ఇప్పుడు అన్నయ్య చూచుచున్నాడు. క్రిందటి వారము అత్తగారు కోనసీమ పోయి, కుట్టుమిషను సొరుగును ఊడబీకించి అటకమీద పెట్టించి వచ్చిరి.

జాడీల సంగతి వచ్చు నెల.