మైకు ముందు గొంతు ఎందుకు ఎండిపోతుంది?

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో పాటకు కొదవ ఉండదు. నీళ్ల ట్యాంకు దగ్గర బట్టలు పిండుతూ ఒకరు ఎత్తుకుంటే, వరండాలో పళ్లెం మీద చెంచాతో ఇంకొకరు దరువేస్తారు. అదే తమ్ముణ్ణి స్టేజీ ఎక్కించి మైకు చేతికిస్తే నోరు పెగలదు. పోయినేడు మనమంతా చూసిందే. ఒక తమ్ముడు పల్లవి రెండుసార్లు పాడి, చరణం గుర్తుకు రాక, తల వంచుకొని దిగిపోయాడు. ముందు వరుసల్లో నవ్వులు వినిపించాయి. నవ్వింది బయటివారు కాదు, మనమే.

వాడికి పాట రాదని కొందరు తేల్చేశారు. ఆ మాట మేము ఒప్పుకోము. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి. కుక్క వెంటపడితే ఉరకడానికి పనికొచ్చే ఏర్పాటు అది. స్టేజీ మీద ఉరకలేము కదా!

పెద్ద పెద్ద విద్వాంసులకూ ఇది తప్పలేదు. స్పెయిన్‌కు చెందిన పాబ్లో కసాల్స్ సెల్లో వాయించడంలో ప్రపంచ ప్రసిద్ధుడు. సెల్లో అంటే కూర్చొని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం. 1901లో అమెరికాలో ఒక కొండ మీద బండరాయి పడి ఆయన ఎడమచేయి నలిగింది. ఇక సెల్లో వాయించే పని తప్పిందన్న ఊరట ఆ క్షణంలో తన మనసులో మెదిలిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. చేయి బాగయింది, భయం మాత్రం పోలేదు. అయినా 1971లో, 94 ఏళ్ల వయసులో, ఐక్యరాజ్యసమితిలో వాయించారు.

మన దగ్గర ఇంకో భయం కూడా ఉంది. అది ఏ పుస్తకంలోనూ కనిపించదు. ఊళ్లో నాయన పక్కన నిలబడి సిర్ర, సిటికెనపుల్ల పట్టి డప్పు కొట్టినవాడు జహీరాబాద్‌కు వచ్చాక "నాకు రాదన్నా" అంటాడు. దరువు తప్పుతుందని కాదు, కొడితే ఎవరింటి పిల్లగాడో తెలిసిపోతుందని. మేమూ ఒకప్పుడు అట్లా అన్నవాళ్లమే. మన పక్కనే మాచునూర్‌లో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను నడిపింది దళిత మహిళలు. చేనులో పాడుకునే పాటల్నే వాళ్లు మైకులో వినిపించారు. వాళ్లు మన అమ్మల్లాంటి వాళ్లే. మరి మనకెందుకు సిగ్గు?

డప్పును మంట దగ్గర కాచి, ఒకసారి కొట్టి చూసి, అప్పుడు జనంలోకి తీసుకుపోతాం. కాచని డప్పు మోగలేదని ఎవరూ తిట్టరు. తమ్ముళ్లకు మాత్రం ప్రోగ్రాం రోజు పొద్దున పేరు రాసి, సాయంత్రానికి పాడమంటున్నాం. ఈ పద్ధతి మారాలి. పదిహేను రోజుల ముందే పేర్లు రాసుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక మొదట నలుగురి ముందు, తర్వాత హాలంతటి ముందు, చివరికి మైకులో పాడించాలి. చరణం మరిచిపోతే పక్కవాడు అందించాలి. భజనలో మన పెద్దలు చేసేది అదే కదా, అక్కడ లేని నామోషీ ఇక్కడెందుకు?

పోయినేడు దిగిపోయిన తమ్ముడు ఈసారి పేరివ్వలేదు. మేమే రూముకు పోయి అడిగాము. చాలాసేపు గోడ వైపు చూసి, "మీరు ఎనక అందుకుంటే పాడ్తనన్నా" అన్నాడు. జాబితాలో వాడి పేరు కింద మా నలుగురి పేర్లూ రాశాము. డప్పు ఎవరు కొడతారన్న చోటు ఇంకా ఖాళీగానే ఉంది.