ఇంగ్లీషు పాఠమునకు తెలుగు తల్లి సాయము



“మాకు ఇంగ్లీషు రాదు, బిడ్డల కేమి చెప్పగలము?” అని పుస్తకమును తొలగద్రోయువారు మనలో పెక్కుమంది కలరు. ఇది సరికాదని మా యభిప్రాయము. బిడ్డ తడబడునది పలుమార్లు పాఠమునందు గాదు, పాఠము చెప్పు మాటలయందు. “ఈ సెంటెన్సులో వెర్బ్ ఏది?” అని ఉపాధ్యాయుడడిగినప్పుడు ఆ రెండు మాటల యర్థము తెలియని పిల్ల నోరు మెదపదు. మందబుద్ధియను పేరు పడును. పిమ్మట బడిపై మనసు విరుగును.

ఆ మాటల యర్థములు మన మెరిగినవే. లెటర్ అనగా అక్షరము, వర్డ్ అనగా పదము, సెంటెన్స్ అనగా వాక్యము. వవెల్ అచ్చు, కాన్సొనెంట్ హల్లు. నౌన్ నామవాచకము, ప్రొనౌన్ సర్వనామము, ఆడ్జెక్టివ్ విశేషణము, వెర్బ్ క్రియ. తెలుగు వ్యాకరణము కొంచెము చదివిన తల్లికి ఇందులో క్రొత్తది లేదు.

భేదములు మాత్రము ముందుగా చెప్పవలెను. ఇంగ్లీషు అక్షరములు 26. వానిలో ఏ, ఈ, ఐ, ఓ, యూ అను 5 అచ్చులు. ఒకే యక్షరము పలుతీరుల పలుకును: సీ అను నక్షరము ‘క్యాట్’ అనుచోట కకారము, ‘సిటీ’ అనుచోట సకారము. మన వాక్యమున క్రియ తుదిని వచ్చును: “సీత పండు తిన్నది.” ఇంగ్లీషున “సీత తిన్నది పండు” అను వరుస. వాక్యము మొదట పెద్దయక్షరము, చివర చుక్క యుండవలెను.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించిరి; 1883లో స్త్రీలకై ‘సతీహితబోధిని’ పత్రికను వెలువరించిరి. మన గోదావరీతీరమున ఆడువారికి అట్లు అబ్బిన తెలుగు చదువు నేడు బిడ్డల ఇంగ్లీషునకును అక్కరకు వచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు 2020–21లో గణితము మొదలగు పుస్తకములను ఒక పుట ఇంగ్లీషున, ఎదుటి పుట తెలుగున అచ్చువేసి యిచ్చిరి. అట్టి పుస్తకము ఇంటనున్నచో తల్లి తెలుగు పుట చదివి, ఎదుటి పుటలోని మాటను బిడ్డచేత వెదకింపవచ్చును.

ప్రతిదినము సాయంకాలము 3 మాటలు చాలును. నోటుపుస్తకమున ఇంగ్లీషు మాట, దాని తెలుగు, ఇంటిలోని యుదాహరణము వరుసగా వ్రాయింపుడు. “చల్లని గోదావరి పారును” అను వాక్యమున చల్లని ఆడ్జెక్టివ్, గోదావరి నౌన్, పారును వెర్బ్. మరునాడు పుస్తకము మూసి యడుగుడు. బిడ్డ చెప్పలేనిచో కోపింపక, మరల అన్నము వడ్డించునట్లు మరల చెప్పుడు.