ఆయుర్వేదానికి మినహాయింపులెందుకు?

ఆయుర్వేద మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన రూల్ 170 ఇక లేదు. 2018 డిసెంబరులో వచ్చిన ఆ నిబంధన కింద చర్యలు తీసుకోవద్దని 2023 ఆగస్టులో ఆయుష్ మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. 2024 జులైలో ఏకంగా తొలగించింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చి ఆపినా, 2025 ఆగస్టులో ఆ స్టే కూడా పోయింది. దీన్ని సంప్రదాయ వైద్యం సాధించిన విజయంగా చెప్పుకుంటున్న వాళ్లను చూస్తే ఒళ్లు మండుతోంది. ఆయుర్వేదం మీద గౌరవం ఉన్నవాళ్లే ముందుగా మండిపడాల్సిన నిర్ణయమిది.

ఇంత రభస జరిగినా ఆయుర్వేద సమర్థకుల్లో గానీ విమర్శకుల్లో గానీ ఎవరూ ఎత్తని లెక్క ఒకటుంది: 4 శాతం, 11 శాతం.

భగందరానికి, అంటే ఫిస్టులాకు, మన వైద్యులు వాడే క్షారసూత్రం సంగతి ఇది. ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు వరసగా 21 పూతలు పట్టించి ఆరబెట్టిన దారం అది. పాత గ్రంథాల్లో ఉన్న ఆ విధానాన్ని కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పి.జె. దేశ్‌పాండే బృందం మళ్లీ వాడుకలోకి తెచ్చి, తయారీకి ఒక పద్ధతి కుదిర్చింది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దాన్ని పలు కేంద్రాల్లో పరీక్షకు పెట్టింది. ఐదు వందల మందికి పైగా రోగులను తీసుకుని, ఎవరికి ఏ చికిత్స అన్నది వైద్యుల ఇష్టానికి వదలకుండా, కొందరికి దారం కట్టించి, కొందరికి మామూలు సర్జరీ చేయించింది. 1991లో ఫలితాలు అచ్చయ్యాయి. జబ్బు తిరగబెట్టింది సర్జరీ వాళ్లలో 11 శాతం మందికి, క్షారసూత్రం వాళ్లలో 4 శాతం మందికి. పుండు మానడానికి సర్జరీకి 4 వారాలు పడితే దారానికి 8 వారాలు పట్టింది. ఆ లోటునూ దాచకుండా రాశారు. అందుకే ఆ 4 శాతాన్ని నమ్మగలుగుతున్నాం.

2020 నవంబరులో ఆయుర్వేద పీజీ వైద్యులకు 58 శస్త్రచికిత్సల్లో శిక్షణ అంటూ నోటిఫికేషన్ వచ్చినప్పుడు భారత వైద్య సంఘం (ఐఎంఏ) దేశవ్యాప్తంగా ఓపీలు మూయించింది. మత్తుమందు ఎవరిస్తారు, ప్రాణం మీదికొస్తే ఎవరు చూస్తారు అన్న వాళ్ల ప్రశ్నలు న్యాయమైనవే. కానీ ఆయుర్వేదంలో రుజువైనదేదీ లేదన్నట్టు మాట్లాడిన వాళ్లు 4, 11 అంకెలను ఎక్కడ దాచారు? అటువైపు సుశ్రుతుడి పేరు వల్లించిన వాళ్లకూ ఆ అంకెలు గుర్తుకు రాలేదు.

2021 మేలో కృష్ణపట్నంలోనూ ఇదే తంతు. ఆనందయ్య అనే నాటువైద్యుడు కొవిడ్‌కు ఇచ్చిన మందు మీద టీవీల్లో అరుపులు, ఊళ్లో కిలోమీటర్ల క్యూలు. కంటి చుక్కలు తప్ప మిగతావి వాడితే హాని కనిపించలేదన్న నివేదికలతో ప్రభుత్వం అనుమతి ఇచ్చేసింది. హాని లేదన్న మాట వేరు, జబ్బు తగ్గుతుందన్న మాట వేరు. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగల పరీక్ష జరగలేదు. క్యూలో నిలబడ్డ వాళ్లకు కావాల్సింది ఆ జవాబే.

ఒక్కో మనిషిది ఒక్కో ప్రకృతి, మా మందులు ట్రయల్స్‌కు ఒదగవు అంటారు ఆయుర్వేద సమర్థకులు. కొన్ని చికిత్సల విషయంలో ఆ ఇబ్బంది నిజమే కావచ్చు. మరి క్షారసూత్రం ఎలా ఒదిగింది? ఏళ్ల తరబడి అనుభవమే రుజువంటే, ఆ అనుభవంలో పోయిన రోగుల లెక్క ఎవరు రాశారు? ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న యోగమైతే చాలు, క్లినికల్ పరీక్ష లేకుండానే లైసెన్సు ఇచ్చే వెసులుబాటు రూల్ 158-బిలో ఉంది. ఆ వెసులుబాటుకు తోడు ప్రకటనల మీద అదుపు కూడా తీసేస్తే, షుగరు మాయం, బీపీ మాయం అని పత్రికల నిండా అచ్చేసుకునే కంపెనీని ముందే ఆపేదెవరు? మందు మానేసి కాలు పోగొట్టుకున్న షుగరు రోగికి ఎవరు జవాబుదారీ? ప్రకటన మోసగించాక కేసులు పెట్టుకోండి అంటున్న చట్టం రోగిని కాపాడుతున్నట్టా?

పేటెంటు రాని కషాయం మీద కోట్లు పెట్టి ట్రయల్ చేయడానికి ఏ కంపెనీ ముందుకు రాదన్నది వాస్తవం. అందుకే ఆ ఖర్చు ప్రభుత్వానిది. ఆయుష్‌కు ప్రత్యేక మంత్రిత్వ శాఖ 2014 నుంచీ ఉంది. 1991లో ఆ శాఖ లేనప్పుడే క్షారసూత్రం నెగ్గింది. ఆ స్థాయి పరీక్షలు ఇప్పుడు ఎన్ని ఉన్నాయో మంత్రిత్వ శాఖ చెప్పాలి. రూల్ 170ని వెంటనే పునరుద్ధరించాలి. ప్రతి ఏటా పేరున్న కొన్ని చికిత్సలను ఐసీఎంఆర్ పర్యవేక్షణలో పరీక్షించి, నెగ్గినవీ ఓడినవీ రెండూ అచ్చు వేయాలి. ఓడినవాటి లైసెన్సులు రద్దు చేయాలి. అది చేతకాని వాళ్లు ఆయుర్వేదాన్ని కాపాడుతున్నామని చెప్పుకోవడం మానుకోవాలి. వాళ్లు కాపాడుతున్నది మందుల వ్యాపారాన్నే.