పరీక్ష రుసుముకు లెక్క చెప్పేదెవరు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో నిజామాబాద్‌లో తెలంగాణ, 2007లో నల్లగొండలో నేటి మహాత్మాగాంధీ, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు, కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయాలను నెలకొల్పింది. అంతవరకు ఉస్మానియా, కాకతీయలకు జమ అయిన డిగ్రీ కళాశాలల అనుబంధ రుసుము, విద్యార్థుల పరీక్ష రుసుము క్రమేణా జిల్లా విశ్వవిద్యాలయాలకే చేరసాగాయి. సొమ్ము దగ్గరికి వచ్చింది గానీ దాని లెక్క మాత్రం జిల్లా ప్రజల చర్చలోకి రాలేదు.

ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటులో సింహభాగం వేతనాలకే సరిపోతుంది. పాత విశ్వవిద్యాలయాల్లో పింఛన్ల భారం అదనం. ఖాళీ పోస్టుల స్థానంలో పనిచేసే తాత్కాలిక అధ్యాపకుల జీతం మొదలు నిర్వహణ ఖర్చుల వరకు చాలా అవసరాలకు అంతర్గత వనరులే దిక్కు. ఆ వనరులంటే మరేమిటో కాదు, మండల కేంద్రంలోని కళాశాలలో చదివే కూలీ బిడ్డ సెమిస్టర్‌కొకసారి కట్టే రుసుము కూడా అందులో భాగమే. ప్రశ్నపత్రాల ముద్రణ, మూల్యాంకనం పోను మిగిలేదెంత? ఆ మిగులు గ్రంథాలయానికి వెళ్లిందా, ప్రయోగశాలకు వెళ్లిందా, అద్దె వాహనాలకు వెళ్లిందా?

ఈ ప్రశ్న ఊరికే పుట్టినది కాదు. పరీక్ష కేంద్రం మంజూరుకు లంచం తీసుకున్నారన్న ఆరోపణపై 2023 జూన్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయ ఉపకులపతిని అవినీతి నిరోధక శాఖ అరెస్టు చేసింది. అప్పటికే రిజిస్ట్రార్ ఎవరన్న విషయమై ఉపకులపతికీ పాలకమండలికీ మధ్య వివాదం నడుస్తుండటం గమనార్హం. సంతకం పెట్టే అధికారమే వివాదంలో పడ్డప్పుడు ఖజానాకు కాపలా ఎవరు?

ఆడిట్ జరగదా అంటే జరుగుతుంది. అయితే అభ్యంతరాలూ, వాటికిచ్చే సమాధానాలూ దస్త్రాల మధ్యే తిరుగుతుంటాయి. రుసుము కట్టినవాడికి వాటి జాడ తెలియదు.

దీనికి కొత్త చట్టం అక్కరలేదు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ తన బడ్జెట్‌ను, ప్రతిపాదిత వ్యయాన్ని, చెల్లింపుల నివేదికలను ఎవరూ అడగకముందే వెల్లడించాలి. ఫలితాలను వెబ్‌సైట్‌లో ఉంచగలిగిన పరీక్షల విభాగం, ఆ సెమిస్టర్‌లో వసూలైన మొత్తాన్నీ, పద్దులవారీ వ్యయాన్నీ వాటి పక్కనే ఒక పుటలో ఉంచలేదా? రూ.10 రుసుముతో దరఖాస్తు చేసి, 30 రోజులు వేచి చూసి ఈ వివరాలు తెప్పించుకునే వీలు ఎలాగూ ఉంది. కానీ ఉపాధి హామీ పనికి వెళ్లి రుసుము కూడబెట్టిన తల్లిదండ్రులకు అంత అవసరం కూడా రాకూడదన్నదే ఆ సెక్షన్ ఉద్దేశం.